పంచాయతీ కార్యాలయమున ఇంటర్నెట్ డాంగిల్: లోపము తెలిసికొను క్రమము

గ్రామ పంచాయతీ పని నేడు కాగితము మీద మాత్రమే సాగునది కాదు. తీర్మానము పుస్తకమున వ్రాయబడినను, దాని ననుసరించి పని జరిగి, పని చేసినవారికి సొమ్ము చేరవలెనన్న కంప్యూటరు కావలెను. కంప్యూటరునకు ఇంటర్నెట్ కావలెను. 2020వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవము నాడు, ఇ-గ్రామస్వరాజ్ అను వేదిక ప్రారంభమైనది. నాటినుండి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికను నమోదు చేయుట, జమాఖర్చులు వ్రాయుట, ఆర్థిక సంఘము నిధులనుండి చెల్లింపులు జరుపుట ఆ వేదిక ద్వారా సాగుచున్నవి. ఇంటర్నెట్ రాని దినమున బోరు మోటారు బాగుచేసినవాని బిల్లు ఆగును. దరఖాస్తు పెట్టుకొన్న వృద్ధురాలు మరల రావలసివచ్చును.

గ్రామములకు కాంతితంతువు ద్వారా ఇంటర్నెట్ చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. అదియే తరువాత భారత్‌నెట్ అను పేర ప్రసిద్ధమైనది. అయినను తీగ తెగిన దినములలోను, ఆ సౌకర్యము చక్కగా అందని చోట్లను, పంచాయతీ కార్యాలయములు సెల్‌ఫోను టవరుపై ఆధారపడు చిన్న డాంగిల్‌తో పని జరుపుకొనుచున్నవి. ఇండ్లలో కంప్యూటరున్న కుటుంబములు పెక్కు కూడ దీనినే వాడుచున్నవి. కావున ఈ పరికరము పనిచేయనపుడు లోపమెక్కడ నున్నదో తెలిసికొనుట ఎట్లో ఈ వ్యాసమున వివరింపబడును.

పంచాయతీ సభ్యులు సాంకేతిక నిపుణులు కానక్కరలేదు. కాని "నెట్ రావడము లేదు" అను మాట విని ఊరకుండరాదు. ఆ మాటకు పది అర్థములుండవచ్చును. ఏ అర్థమో తెలియక క్రొత్త డాంగిల్ కొన్నచో గ్రామస్థుల సొమ్ము వృథా యగును; పని మాత్రము ఆగియే యుండును. ఖర్చునకు అనుమతి ఇచ్చుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు తెలిసియుండుట సభ్యుల బాధ్యత.

కాలువ వెంబడి నడచినట్లు

చివరి చేనికి నీరు రాకున్న రైతు వెంటనే చెరువు ఎండిపోయినదని నిశ్చయింపడు. పార చేతబట్టి, కాలువ గట్టు వెంబడి నడచి, తూము తెరచియున్నదా, నడుమ గండి పడినదా, తన మడవకు అడ్డముగా మట్టి పేరుకొన్నదా అని వరుసగా చూచును. ఇంటర్నెట్ విషయమునను చేయవలసినది ఇదియే.

డాంగిల్ అనునది బొటనవ్రేలి కంటె కొంచెము పెద్దదైన మోడెము. దానియందు సిమ్ కార్డు నుంచుటకు చోటున్నది. టవరునుండి వచ్చు రేడియో తరంగములను అది గ్రహించి కంప్యూటరునకు అందించును. కంప్యూటరు పంపినదానిని టవరునకు చేర్చును. ఈ దారిలో ఐదు మెట్లున్నవి. మొదటిది, కంప్యూటరు యుఎస్‌బీ రంధ్రమునుండి డాంగిల్‌కు అందు విద్యుత్తు. రెండవది, డాంగిల్‌ను కంప్యూటరు గుర్తించుటకు కావలసిన డ్రైవరు అను సాఫ్ట్‌వేరు. మూడవది, సిమ్ కార్డు, దానిపై చెల్లించిన పథకము. నాలుగవది, టవరునుండి అందు సిగ్నలు. ఐదవది, కంప్యూటరులోని అమరికలు, మనము తెరువదలచిన వెబ్‌సైటు. ఏ లోపమైనను ఈ ఐదింటిలో ఒకదానియందే ఉండును.

పరీక్షించునపుడు ఒక నియమము పాటింపవలెను. ఒకమారు ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. ఆ మార్పువలన ఫలితము లేనిచో దానిని యథాస్థితికి తెచ్చి, తరువాతి మెట్టునకు పోవలెను. ఒకేసారి సిమ్ మార్చి, సాఫ్ట్‌వేరు తీసివేసి, అమరికలు దిద్దినచో, పని జరిగినను ఏది లోపమో తెలియదు. పని జరుగకున్న పాత లోపమునకు క్రొత్త లోపము తోడగును.

మొదట చేయవలసిన పరీక్ష

అన్నింటికంటె ముందు ఖర్చులేని పరీక్ష ఒకటి కలదు. డాంగిల్‌లోని సిమ్‌ను తీసి ఒక సెల్‌ఫోనులో ఉంచి, అదే బల్లయొద్ద కూర్చుండి, ఫోనులో మొబైల్ డేటా తెరచి చూడవలెను. ఫోనులో వెబ్‌సైటు తెరచుకొన్నచో సిమ్, పథకము, టవరు సక్రమముగా ఉన్నట్లే. లోపము డాంగిల్‌లోనో కంప్యూటరులోనో వెదుకవలెను. ఫోనులోను తెరచుకొననిచో కంప్యూటరును ముట్టనక్కరలేదు. సిమ్ సంగతియు సిగ్నలు సంగతియు చూడవలెను. ఈ ఒక్క పరీక్షతో వెదుకవలసిన దారి సగము తగ్గును.

ఇచట రెండు జాగ్రత్తలు అవసరము. పాత డాంగిళ్లలో 25 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల వెడల్పు గల సిమ్ పట్టును. నేటి ఫోన్లలోని చిన్న సిమ్‌ను ప్లాస్టిక్ చట్రములో అమర్చి డాంగిల్‌లో పెట్టుట వాడుక. ఆ చట్రము వదులైనచో సిమ్ కదలి, లోపలి సన్నని తీగలకు తాకదు. ఖాళీ చట్రమును లోనికి త్రోసినచో ఆ తీగలు వంగిపోవును. కావున సిమ్‌ను చట్రములో గట్టిగా అమర్చిన పిదపనే లోనుంచవలెను.

రెండవది, సిమ్‌నకు రహస్య సంఖ్య పెట్టియున్నచో ఊహించి కొట్టరాదు. మూడుమార్లు తప్పు సంఖ్య ఇచ్చినచో సిమ్ మూసికొని, పీయూకే అను ఎనిమిది అంకెల సంఖ్యను అడుగును. దానిని పదిమార్లు తప్పుగా ఇచ్చినచో ఆ సిమ్ ఇక పనికిరాదు. చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకపు టోకెన్ కూడ యుఎస్‌బీ రంధ్రముననే పెట్టబడును. దాని రహస్యపదము వేరు. ఒకదాని సంఖ్యను వేరొకదానికి ఇచ్చి రెండింటిని మూసివేసికొను ప్రమాదము కలదు. రెండింటికి వేర్వేరు గుర్తులు అంటించుట మేలు.

విద్యుత్తు, డ్రైవరు

డాంగిల్‌కు ప్రత్యేకముగా బ్యాటరీ లేదు. కంప్యూటరు ఇచ్చు 5 వోల్టుల విద్యుత్తుతోనే అది పనిచేయును. యుఎస్‌బీ 2.0 ప్రమాణము ప్రకారము ఒక రంధ్రము ఇచ్చునది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 ప్రమాణమున 900. టవరు దూరమైనకొలది డాంగిల్ బలముగా ప్రసారము చేయవలసియుండును. అపుడు విద్యుత్తు ఎక్కువగా లాగును. ఆ విద్యుత్తు చాలనిచో కొంతసేపు పనిచేసి ఆగిపోవుట, మరల వచ్చుట జరుగును. దీనిని పలువురు సిగ్నలు లోపమని భ్రమపడుదురు.

కావున డాంగిల్‌ను కంప్యూటరు పెట్టె వెనుకవైపు రంధ్రములో నేరుగా పెట్టి చూడవలెను. ముందువైపు రంధ్రములు లోపల సన్నని తీగలతో కలుపబడియుండును. దుమ్ము పట్టి వదులగుటయు కలదు. ఒకే రంధ్రమును నాలుగుగా చీల్చు హబ్‌లో మౌసు, కీబోర్డు, సంతకపు టోకెన్‌లతోపాటు డాంగిల్‌ను పెట్టుట మంచిది కాదు. వేరు రంధ్రమున పెట్టినపుడు పనిచేసినచో డాంగిల్ నిర్దోషియని తెలిసినట్లే.

డాంగిల్‌పై దీపము వెలిగి, కంప్యూటరులో ఏమియు కనబడనిచో డ్రైవరును అనుమానింపవలెను. పెక్కు డాంగిళ్లు పెట్టగానే మొదట సీడీ వలె కనబడును. తమ సాఫ్ట్‌వేరును తామే మోసికొని వచ్చుటకు చేసిన ఏర్పాటు అది. సాఫ్ట్‌వేరు ఎక్కిన పిదప సీడీ రూపము వదలి మోడెముగా మారును. ఆ మార్పు జరుగకున్న కంప్యూటరు దానిని సీడీగానే చూచుచుండును. విండోస్ కంప్యూటరులో డివైస్ మేనేజర్ తెరచి చూచినపుడు డాంగిల్ పేరు ప్రక్కన పసుపుపచ్చని త్రిభుజములో ఆశ్చర్యార్థకము కనబడినచో డ్రైవరు సరిగా లేదని అర్థము. పాత సాఫ్ట్‌వేరును తొలగించి, కంప్యూటరును ఆపి, మరల తెరచి, క్రొత్తగా ఎక్కింపవలెను. విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 కాలమున వచ్చిన డాంగిళ్ల సాఫ్ట్‌వేరు నేటి కంప్యూటర్లలో పనిచేయకపోవచ్చును. అట్టిచో తయారుచేసిన సంస్థ ఇచ్చు డ్రైవరునే వాడవలెను. ఊరు పేరు లేని వెబ్‌సైటునుండి దింపిన డ్రైవరుతోపాటు దొంగ సాఫ్ట్‌వేరు వచ్చుటకు అవకాశము కలదు. చెల్లింపులు జరుగు కంప్యూటరులో అట్టి సాహసము తగదు.

కొన్ని డాంగిళ్లు మోడెముగా గాక నెట్‌వర్కు కార్డుగా కనబడును. హువావే సంస్థ హైలింక్ రకము అట్టిది. దానికి ప్రత్యేక సాఫ్ట్‌వేరు తెరువనక్కరలేదు, బ్రౌజరులో 192.168.8.1 అని కొట్టినచో అమరికల పుట తెరచుకొనును. సిగ్నలు బలము, సిమ్ స్థితి అచటనే కనబడును. ఆ పుట తెరచుకొన్నచో విద్యుత్తు, డ్రైవరు రెండును సరిగా ఉన్నట్లు ఎంచవచ్చును.

సిమ్, సిగ్నలు

సిమ్ ఫోనులోను పనిచేయనిచో మొదట పథకపు గడువు చూడవలెను. గడువు తీరినదో, నాటి డేటా పరిమాణము ముగిసినదో ఆ సంస్థ పంపిన సందేశములను చదివిన తెలియును. డాంగిల్‌లోని సిమ్‌నకు వచ్చు సందేశములను చూచువారుండరు. గడువు తీరుచున్నదను హెచ్చరిక డాంగిల్‌లోనే మిగిలిపోవును. చాలకాలము వాడక విడిచిన సిమ్‌ను సంస్థ రద్దుచేయవచ్చును. 90 దినములు వాడకము లేకుండుట అందులకు నియమింపబడిన కనీస వ్యవధి.

సిగ్నలు బలమును గీతలతో గాక అంకెలతో కొలుచుట మేలు. ఈ అంకెలు సున్నకు దిగువన ఉండును. 4జీ సిగ్నలు మైనస్ 80 దగ్గర ఉన్నచో మంచిది. మైనస్ 110 దాటి దిగిన బలహీనము. ఈ కొలతలో 10 తగ్గిన ప్రతిసారియు సిగ్నలు బలము పదవ వంతునకు పడిపోవును. కావున గదిలో ఒక మూలనుండి కిటికీ యొద్దకు జరుపుట చిన్న మార్పు కాదు. రేకుల కప్పు, ఇనుప బీరువా, కాంక్రీటు గోడ తరంగములను అడ్డగించును. టవరు ఏ దిక్కుననున్నదో తెలిసికొని, ఆ వైపు కిటికీ దగ్గరకు డాంగిల్ చేరునట్లు మంచి తీగతో కలుపవలెను. ఆ తీగ పొట్టిదై యుండవలెను, యుఎస్‌బీ 2.0 తీగకు 5 మీటర్లే గరిష్ఠ పరిమితి, సన్నని తీగయైనచో అంతకు లోపలనే విద్యుత్తు క్షీణించును.

పాత డాంగిల్ విషయమున మరియొక సంగతి గమనింపవలెను. పరికరము చెడకయే దాని కాలము తీరిపోవచ్చును. 3జీ డాంగిల్ 4జీ టవరుతో మాటలాడలేదు. ఎయిర్‌టెల్ సంస్థ 2019లో కోల్‌కతాతో ప్రారంభించి తన 3జీ సేవను నిలిపివేసినది. 2016 సెప్టెంబరులో సేవ ప్రారంభించిన జియోకు మొదటినుండియు 3జీ లేదు. కావున పెట్టెలోనుండి తీసిన పాత 3జీ డాంగిల్‌లో క్రొత్త సిమ్ వేసి, రాలేదని సిమ్‌ను నిందించుట తగదు. అదే సిమ్ 4జీ ఫోనులో చక్కగా పనిచేయుటయు ఇందువలననే. ఒక సంస్థ అమ్మిన డాంగిల్ ఆ సంస్థ సిమ్‌ను మాత్రమే అంగీకరించునట్లు బంధింపబడియుండుట కూడ కలదు. విదేశమునుండి బంధువులు తెచ్చిన డాంగిల్ అయినచో మన దేశమున వాడు 850, 1800, 2300 మెగాహెర్ట్జ్ వంటి తరంగములను అది అందుకొనునో లేదో దాని అట్టపై చూడవలెను.

కలిసినను పుట తెరచుకొననపుడు

డాంగిల్ దీపము స్థిరముగా వెలుగుచున్నది, కంప్యూటరు "కనెక్టెడ్" అని చూపుచున్నది, అయినను పుట తెరచుకొనదు. మన కార్యాలయములలో ఎక్కువ కాలహరణము జరుగుచోటు ఇదియే.

మొదట ఏపీఎన్ అను అమరిక చూడవలెను. ఇంటర్నెట్‌లో ప్రవేశించుటకు ఆ సంస్థ పెట్టుకొన్న ద్వారము పేరు అది. బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్ అనియు, జియోకు జియోనెట్ అనియు ఇంగ్లీషు చిన్న అక్షరములతో, నడుమ ఖాళీ లేక, వ్రాయవలెను. సిమ్ మార్చి ఏపీఎన్ మార్చనిచో పాత ఇంటి తాళపుచెవితో క్రొత్త ఇంటి తలుపు తీయజూచినట్లగును. ఫోను చేసినట్లు సంఖ్య నడుగు పాత సాఫ్ట్‌వేరులో *99# అని ఉండవలెను. విండోస్ 633 అను సంఖ్యతో లోపము చూపినచో మోడెమును వేరొక కార్యక్రమము వాడుచున్నదని గాని, దాని అమరిక సరిగా లేదని గాని అర్థము. తెరచియున్న రెండవ సాఫ్ట్‌వేరును మూసి, డాంగిల్ తీసి మరల పెట్టవలెను.

తరువాత కంప్యూటరు గడియారము చూడవలెను. కంప్యూటరు లోపల నాణెము వంటి 3 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉండును. సీఆర్2032 అని దాని పేరు. విద్యుత్తు పోయినపుడును తేదీని నిలుపునది అదియే. కొన్ని సంవత్సరములకు అది నీరసించును. అపుడు కంప్యూటరు ఆపి తెరచిన ప్రతిసారియు తేదీ వెనుకకు పోయి, ఎన్నడో గడచిన సంవత్సరపు జనవరి 1ని చూపును. భద్రత గల ప్రతి వెబ్‌సైటు తన గుర్తింపునకు ఒక ప్రమాణపత్రము చూపును. ఆ పత్రమునకు ప్రారంభ తేదీ, గడువు తేదీ ఉండును. కంప్యూటరు తేదీ తప్పినచో ఆ పత్రము చెల్లదని తలచి పుటను తెరువనీయదు. డిజిటల్ సంతకమును సాగదు. డాంగిల్, సిమ్, సిగ్నలు సరిగానున్నను "నెట్ లేదు" అను మాట పుట్టును. తేదీ దిద్దినచో ఆ పూటకు పని జరుగును. స్వల్ప వెలకు దొరకు ఆ బ్యాటరీ మార్చినచో బాధ తీరును.

మార్చి నెలాఖరున ఒక పంచాయతీలో ఇట్లు జరిగినదనుకొందము. చెల్లింపు పుట తెరచుకొనదు. క్రొత్త డాంగిల్‌కు అనుమతి కోరుదురు. ఒక సభ్యుడు సిమ్‌ను ఫోనులో పెట్టించును, పుట తెరచుకొనును. డాంగిల్‌ను వెనుక రంధ్రమున పెట్టించును. దీపము స్థిరముగా వెలుగును. తెర మూలనున్న తేదీ చూడుమనును. అది పది సంవత్సరముల వెనుకటిది. ఆ మూడు ప్రశ్నలకు పట్టినది పావుగంట. అడుగకున్న చెల్లింపు ఆర్థిక సంవత్సరము దాటియుండెడిది. క్రొత్త డాంగిల్ వచ్చిన పిదపను పుట తెరచుకొని యుండెడిది కాదు.

తేదీయు సరిగానున్నచో వేరొక వెబ్‌సైటు తెరచి చూడవలెను. అది వచ్చి, ఇది రానిచో లోపము మన కార్యాలయమున లేదు. ఆ వెబ్‌సైటు వైపున ఉన్నది. కొంతసేపు ఆగి ప్రయత్నించుటయే మార్గము.

వేగము మందగించినచో డేటా పరిమితిని అనుమానింపవలెను. పెక్కు పథకములలో నాటి పరిమాణము ముగిసిన పిదప వేగము 64 కేబీపీఎస్‌కు తగ్గును. ఆ వేగమున ఒక మెగాబైటు పోవుటకు రెండు నిమిషములకు పైగా పట్టును. ఐదు మెగాబైట్ల పత్రము ఎక్కించుటకు పది నిమిషములు దాటును. ఉదయము కంప్యూటరు తెరువగానే విండోస్ తన నవీకరణములను దింపుకొని ఆ పరిమాణమును హరించుట కలదు. విండోస్ 10, 11లలో ఆ సంధానమును "మీటర్డ్ కనెక్షన్"గా గుర్తించినచో ఇది చాలవరకు అదుపునకు వచ్చును. అయితే నవీకరణములను శాశ్వతముగా ఆపరాదు. భద్రతకు అవి అవసరము. పని లేని సమయమున, వేరు సంధానముపై వానిని జరుపుకొనవలెను.

పని ఆగకుండుటకు

లోపము తేలువరకు ప్రజల పని ఆగనక్కరలేదు. స్మార్టు ఫోనును డేటా పంపు తీగతో కంప్యూటరునకు కలిపి, ఫోను అమరికలలో "యుఎస్‌బీ టెథరింగ్" తెరచినచో ఫోనే డాంగిల్ వలె పనిచేయును. ఛార్జింగునకు మాత్రమే పనికివచ్చు తీగలు కొన్ని ఉన్నవి. అవి ఇందులకు పనికిరావు. ఇది తాత్కాలిక సహాయమే గాని శాశ్వతపు ఏర్పాటు కాదు. ఉద్యోగి స్వంత ఫోనుపై, స్వంత ఖర్చుపై పంచాయతీ పని నిత్యము నడుచుట న్యాయము కాదు.

పంచాయతీ చేయదగిన ఏర్పాట్లు

పంచాయతీ సమావేశమున ఈ క్రింది విషయములను చర్చించి నిర్ణయించుట ప్రయోజనకరము.

1. డాంగిల్ సిమ్ ఎవరి పేర ఉన్నది? బదిలీయై పోయిన ఉద్యోగి పేర ఉన్నచో పీయూకే సంఖ్య గాని, మారు సిమ్ గాని పొందుటకు ఆయననే ఆశ్రయింపవలసివచ్చును. సిమ్ పంచాయతీ పేర ఉండవలెను.

2. పథకపు గడువు తేదీ గోడ క్యాలెండరుపై గుర్తింపబడినదా? గడువునకు వారము ముందే చెల్లించు బాధ్యత ఎవరిది?

3. పీయూకే సంఖ్య గల కార్డు, డాంగిల్ బిల్లు, హామీ పత్రము కార్యాలయపు బీరువాలో ఉన్నవా?

4. ఒక నోటుపుస్తకమున తేదీ, కనబడిన లోపము, చేసిన పరీక్ష, తీరిన విధము వ్రాయబడుచున్నవా? నెలలో నాలుగు సాయంకాలములు ఒకే వేళ సిగ్నలు పోయినట్లు ఆ పుస్తకము చూపినచో టవరు నిర్వహించు సంస్థకు వ్రాయుటకు అదియే ఆధారము.

5. బయటినుండి మరమ్మతుదారుని పిలిచినపుడు డిజిటల్ సంతకపు టోకెన్‌ను కంప్యూటరునుండి తీసి బీరువాలో ఉంచుచున్నారా? రహస్యపదమును గాని, ఫోనుకు వచ్చు ఓటీపీని గాని ఎట్టి పరిస్థితులలోను ఇతరులకు తెలుపరాదు.

6. ఐదు మెట్లను వరుసగా పరీక్షించిన పిదపనే క్రొత్త పరికరము కొనుటకు ప్రతిపాదన వచ్చుచున్నదా?

ఈ ప్రశ్నలు ఎవరిని తప్పుపట్టుటకును కావు. పెక్కు చోట్ల ఒకే కార్యదర్శి అనేక పనుల నడుమ కంప్యూటరు బాధ్యతయు మోయుచున్నాడు. సభ్యులు లోపమును ఆయనతో కలిసి వెదకినచో ఆ భారము తగ్గును. గ్రామమున చదువుకొన్న యువతీయువకులు, స్వయం సహాయక సంఘముల లెక్కలు వ్రాయు మహిళలు ఈ పరీక్షలను ఒక్క పూటలో నేర్చుకొనగలరు. వారి ఇండ్లలోని కంప్యూటర్లకును ఇదే క్రమము వర్తించును.

పంచాయతీ చావడిలో జరిగిన తీర్మానము చెల్లింపుగా మారి కూలివాని ఖాతాకు చేరువరకు అది పూర్తియైనట్లు కాదు. ఆ దారిలో చివరి సాధనము ఈ చిన్న డాంగిల్. రాబోవు సమావేశమునకు ముందు సభ్యులు ఒకమారు కార్యాలయమునకు పోయి, కంప్యూటరు తెరపై తేదీ సరిగానున్నదో లేదో, సిమ్ ఎవరి పేరనున్నదో స్వయముగా చూచి తెలిసికొందురు గాక.